ఎఫ్1 మొదలు ఎంటర్ దాకా: టీకా తాత్పర్య సహితం

మూలం: ఎఫ్1 సీక్యూ, ఎఫ్2 ఎక్స్ఛేంజి, ఎఫ్3 టీయూ, ఎఫ్4 స్వనామం, ఎఫ్5 పరనామం.

అవతారిక: హామ్ రేడియో పోటీలకు ఎక్కువమంది వాడే ఎన్1ఎంఎం లాగర్ ప్లస్ అనే ప్రోగ్రాంలో, మోర్స్ సందేశాలకు ముందే అమర్చి ఇచ్చే మీటల వరుస ఇది. సీక్యూ వరల్డ్‌వైడ్ పోటీ 48 గంటలు సాగుతుంది. అందులో గట్టి పిండాలు వేల స్టేషన్లను పలకరిస్తారు. ఒక్కో పలకరింపు కొన్ని సెకన్ల ముచ్చట. మౌసు కోసం చెయ్యి చాపేలోగా అవతలివాడు ఇంకొకడికి జవాబిస్తుంటాడు. ఈ శాస్త్రం పుట్టింది అందుకే.

ప్రతిపదార్థం: సీక్యూ = ఎవరైనా ఉంటే పలకండహో అని లోకానికి వేసే కేక; ఎక్స్ఛేంజి = పోటీ నియమం ప్రకారం ఇచ్చిపుచ్చుకునే వివరం (ఈ పోటీలో సిగ్నల్ రిపోర్టు, జోన్ నంబరు; హైదరాబాదు నుంచైతే 22, అండమాన్ నుంచైతే 26); టీయూ = థాంక్యూ, ఇక దయచెయ్యండి; స్వనామం = తన కాల్‌సైన్, అంటే స్టేషన్ గుర్తింపు పేరు; పరనామం = ఎదుటివాడిది.

పూర్వపక్షం: విండోస్‌లో ఎఫ్1 అంటే సహాయం కదా, దాన్ని సీక్యూకి కట్టబెట్టడం ఆచారభంగం కాదా? కాదు. అర్ధరాత్రి నిశ్శబ్దమైన బ్యాండ్ మీద సీక్యూ కొట్టేవాడు అడిగేదీ సహాయమే.

అసలు చిక్కు వేరే ఉంది. లాగింగ్ ప్రోగ్రాంలో కర్సరు ఎప్పుడూ కాల్‌సైన్ గడిలోనే కూర్చుని ఉంటుంది. కాల్‌సైన్‌కు అక్షరాలూ అంకెలూ కావాలి కాబట్టి ఒంటి అక్షరాన్ని షార్ట్‌కట్‌గా వాడుకోలేరు. ఆపమనడానికి ‘ఎస్’ పెడితే సగం యూరప్ లాగ్‌లోకి ఎక్కదు. అందుకని రూపకర్తలు కాల్‌సైన్‌కు అక్కరకురాని మీటల్ని ఏరుకున్నారు. కాల్‌సైన్‌లో ఖాళీ ఉండదు, కనుక స్పేస్‌బార్ పక్క గడికి దూకిస్తుంది. సెమీకోలన్ రాదు, కనుక అది ఎదుటివాడి కాల్‌సైన్‌నూ ఎక్స్ఛేంజినీ ఒక్క దెబ్బకు పంపిస్తుంది. ఇన్‌సర్ట్ మీట చేసే పనీ ఇదే. అది డాస్ కాలపు సీటీ ప్రోగ్రాం నుంచి వచ్చిన వారసత్వం. పాత కాపులు ఇప్పటికీ దాన్నే తడుముతారు. సెమీకోలన్ మాత్రం కుడి చిటికెన వేలి కిందే ఉంటుంది. స్లాష్ జోలికి పోవడం కుదరదు, పరదేశం వెళ్లి మాట్లాడేవాడి కాల్‌సైన్‌లో అది తరచూ ఉంటుంది. కావ్యాలకు టీకలు రాసిన మెదక్ సీమ కొలచాల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనన్నాడు. ఈ రూపకర్తలు కాల్‌సైన్‌లో లేని మీటలే వాడతామన్నారు.

విశేషం: ‘ఎంటర్ సెండ్స్ మెసేజ్’ అనే పద్ధతి ఒకటుంది, కంట్రోల్+ఎం నొక్కితే మొదలవుతుంది. ఆపైన గడి ఖాళీగా ఉంటే ఎంటర్ సీక్యూ పంపుతుంది. కాల్‌సైన్ నిండితే ఎక్స్ఛేంజి పంపుతుంది. జవాబు కూడా నిండితే థాంక్యూ చెప్పి లాగ్‌లో రాసేస్తుంది. సందర్భాన్ని బట్టి అర్థం మారడం శ్లేష అనుకుంటే, అలంకారశాస్త్రంలో ఇంత పనికొచ్చే శ్లేష మరోటి లేదు.

మతభేదం: నోబెల్ గ్రహీత జో టేలర్ మొదలుపెట్టిన డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే ప్రోగ్రాంది వేరే సంప్రదాయం. అందులో 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలో ఒక్కో వంతు 15 సెకన్లు. సందేశాలు కంప్యూటరే అల్లుకుంటుంది, వేళ్లకు తొందర లేదు. అక్కడ ఎఫ్1 సాధుబుద్ధితో వాడుక పుస్తకమే తెరుస్తుంది. ఎఫ్4 దగ్గరే గొడవ. ఎన్1ఎంఎంలో అది ‘నేను’ అని చాటుతుంది, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో ఎదుటివాడి కాల్‌సైన్‌ను చెరిపేస్తుంది. ఒకే మీట మీద అహంకారం, పరసంహారం! రెండూ వాడేవాడి వేళ్లకు ఇది నిజంగా అన్యాయం. పైగా విండోస్ చలవతో ఆల్ట్+ఎఫ్4 ప్రోగ్రాంనే మూసేస్తుంది.

ప్రసారం ఆపడానికి మాత్రం ఇరు సంప్రదాయాలదీ ఒకటే మాట: ఎస్కేప్. చూడకుండా చేతికి తగిలే మూల మీట అది.

పాఠాంతరాలు: ఎన్1ఎంఎం వరుసను ఎవరికి తోచినట్టు వాళ్లు తిరగరాసుకోవచ్చు, అందరూ రాసుకుంటారు. నలుగురు వంతులవారీగా కూర్చునే స్టేషన్‌లో రాత్రివాడు ఎఫ్6లో ఏం మార్చి దిగాడో, పొద్దున కూర్చున్నవాడికి అది గాలిలోకి వెళ్లాక గాని తెలియదు. తెరమీద ఏ మీటలో ఏముందో రాసే ఉంటుంది, చదివే తీరిక ఉంటేగా.