మొద్దు ఎవరు మాస్టారూ?

సీతంపేట ఏజెన్సీలో ఒక సవర పిల్లాడు ఒకటో తరగతిలో చేరతాడు. ఇంట్లో సవర తప్ప మరో మాట వినలేదు. ఆ భాష తెలుగుకి దూరపు చుట్టం కూడా కాదు, ముండా కుటుంబానిది. మైదానం నుంచి వచ్చిన మాస్టారు అడిగింది వాడికి తెలియదు, వాడన్నది మాస్టారికి తెలియదు. న్యాయంగా చూస్తే ఇద్దరూ సమానమే. అయినా మొద్దు అనే బిరుదు ఒక్కడికే దక్కుతుంది. జీతం పుచ్చుకునేవాణ్ణి అలా పిలిచే ఆచారం మనకు లేదు.

2019లో ఆంధ్ర సర్కారు ఇంగ్లీషు మీడియం జీవో తెస్తే భాషాభిమానులం గుండెలు బాదుకున్నాం. పసివాడికి చదువు అమ్మభాషలోనే చెప్పాలన్నాం. మరుసటేడు హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది, మిఠాయిలు పంచుకున్నాం. మన వాదనలో తప్పేమీ లేదు. కాకపోతే అందులో ఉన్నది మన అమ్మ ఒక్కతే. కొండ మీద తెలుగు చేస్తున్న పని అచ్చం ఇంగ్లీషు చేస్తున్నదే అని ఎవరైనా అంటే మాత్రం వాడు తెలుగు ద్రోహి.

ఇలాంటి పిల్లలకు ప్రాథమిక విద్య వాళ్ల భాషలోనే చెప్పే ఏర్పాట్లు చూడమని రాజ్యాంగం 350ఏ అధికరణంలో 1956 నుంచీ చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రం 2004 ప్రాంతంలో ఒళ్లు విరుచుకుని లేచి సవర, కోయ, గోండీ వగైరా ఎనిమిది భాషల్లో వాచకాలు వేయించింది. అర్ధ శతాబ్దం కూడా ఆగలేకపోయారు, అంత తొందరేమిటో!

గోండీ అయితే మనకు స్వయానా తోబుట్టువు. 2011 జనాభా లెక్కల్లో అది మాట్లాడేవాళ్లు 29 లక్షల పైచిలుకు. సంస్కృతం తమ మాతృభాష అన్నవాళ్లు పాతికవేల లోపు. ఎనిమిదో షెడ్యూలులో కుర్చీ ఎవరికి వేశారో మీకు తెలుసు. (సంస్కృతం మీద నాకు కక్షేమీ లేదు. ఎంతమందికి ఒక కుర్చీ అన్న లెక్కే బుర్రకెక్కడం లేదు.)

అన్నట్టు, ఏటా ఆగస్టు 29న మనం దండ వేసే గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఏం చేశాడు? పెద్దయ్యాక కూర్చుని సవర నేర్చుకున్నాడు. ఆ భాషలోనే చదువు చెప్పే బళ్లు పెట్టాడు. 1931లో వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఆయన్ని వాడుక భాష వరకు ఉంచుకుని, మిగతా సగాన్ని భద్రంగా అటకెక్కించాం. ఉపన్యాసానికి సమయం చాలదు మరి.

గిరిజన సంస్కృతి అంటే మాత్రం మనకు ప్రాణం. అరకులో అమాత్యులు దిగితే థింసా ఉండాలి, ఫొటోలో తలపాగా ఉండాలి. వాళ్ల కాళ్లతో మనకు పేచీ లేదు, నోటితోనే.

కనక ఒక చిన్న ప్రతిపాదన. భాషాభిమాన సంఘాల అధ్యక్షుల్ని తలా ఒక సవర గూడేనికి ఆర్నెల్లు పంపాలి. మంచినీళ్లు సవరలో అడగాలి, జ్వరమొస్తే సవరలో మూలగాలి, నెలాఖరున సవరలో పరీక్ష రాయాలి. తప్పినవారిని బెంచీ ఎక్కించి, వారి జాతికి మొదటినుంచీ తెలివి తక్కువని రిజిస్టరులో రాయాలి. సాయంత్రం పెద్దలొస్తే పంచె సర్దుకుని కూచిపూడి ఆడాలి. ఫొటోలు పిల్లలు తీస్తారు.