మడి కట్టుకున్న ట్యాగులు

ఒక వెబ్‌సైటును పది భాషల్లోకి తెస్తున్నామంటూ బయల్దేరినవాళ్లు అనువాదకుడికి చేసే మొదటి ఉపదేశం ఒకటుంటుంది: లింకునీ బోల్డునీ గుర్తుపెట్టే ట్యాగుల జోలికి పోవద్దు, ఇంగ్లిషులో ఎన్ని ఉన్నాయో అన్నే ఉండాలి, ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో ఉండాలి. హెచ్‌టీఎంఎల్ మడి కట్టుకుని కూర్చుందన్నమాట. లింకూ బోల్డూ మైలపడకుండా, వాటి మధ్య సందుల్లో తెలుగు చల్లుకోవాలి. సందులో పట్టని వ్యాకరణం గుమ్మం బయటే ఉండిపోతుంది. ట్యాగుల లెక్క సరిపోయిందంటే తనిఖీ సాఫ్ట్‌వేర్ పచ్చ టిక్కు పెట్టేస్తుంది. వాక్యానికి అర్థముందా లేదా అన్నది దాని సిలబస్‌లో లేదు.

ఈ నిష్ఠ ఫలితం ఖాతా తెరిచే పేజీల్లో తరచూ దర్శనమిస్తుంది: ‘మీరు అంగీకరిస్తున్నారు మా నిబంధనలు మరియు గోప్యతా విధానం’. చదివినవాళ్లు అనువాదకుణ్ని తిట్టుకుంటారు. పాపం, అతను ఈ వాక్యం రాయనే లేదు. ప్రోగ్రామరు ఇంగ్లిషు వాక్యాన్ని లింకుల దగ్గర నరికి, నాలుగు ముక్కల్ని విడివిడిగా పంపాడు. వెనక్కి వచ్చిన ముక్కల్ని ఇంగ్లిషు వరుసలోనే అతికించాడు. చివర ఉండాల్సిన క్రియ ముందుకొచ్చి నిలబడింది. అది పోనీ అనుకున్నా విభక్తి ఊరుకోదు. ‘నిబంధనలు’ కాస్తా ‘నిబంధనలకు’ కావాలి. ‘విధానం’ అయితే సున్నా పోగొట్టుకుని ‘విధానానికి’ అవుతుంది. అంటే లింకు లోపలి మాట రూపం లింకు బయట ఉన్న క్రియను బట్టి మారుతుంది. పక్క ముక్క కనబడనివాడు ఏ విభక్తి వేస్తాడు? ‘నమోదు చేసుకుంటే మా నిబంధనలకు, గోప్యతా విధానానికి ఒప్పుకున్నట్టే’ అని రాయడానికి మహాపండితుడు అక్కర్లేదు. వాక్యం మొత్తం చేతికిచ్చి, లింకుల్ని కదుపుకోనిస్తే చాలు.

బోల్డు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. దరఖాస్తు ఆమోదం పొందలేదని చెప్పే ఇంగ్లిషు వాక్యంలో ‘నాట్’ ఒక్కదాన్నే నల్లగా చేస్తారు. తెలుగులో ఆ ‘నాట్’ విడిగా దొరకదు; ‘రాదు’, ‘చెల్లదు’ లాంటి మాటల్లో క్రియతో కలిసిపోయి ఉంటుంది. అప్పుడు బోల్డును క్రియ మొత్తానికీ చాచాలి. నియమం మాత్రం ఒక్క మాటకు ఒక్క మాటే అంటుంది. ‘మీ దరఖాస్తు కాదు ఆమోదించబడింది’ అని, ‘కాదు’ను నల్లగా దిద్ది పంపితే పచ్చ టిక్కు వచ్చేస్తుంది. దరఖాస్తు పెట్టుకున్నవాడు మిఠాయి పంచాలో మళ్లీ క్యూలో నిలబడాలో తేల్చుకోలేక చస్తాడు. వాలు అక్షరాల గురించి ఎక్కువ చెప్పను. చాలా తెలుగు ఫాంట్లలో వాలు రూపమే లేదు కాబట్టి బ్రౌజరే ఉన్న అక్షరాన్ని పక్కకు తోసి వాలుస్తుంది. ఇంత మడిలోనూ, తప్పకుండా మార్చాల్సిన చోట మాత్రం ఎవరూ చెయ్యి పెట్టరు. పేజీ ఏ భాషలో ఉందో చెప్పే గుర్తు ఇంగ్లిషుగానే మిగిలిపోతే, చూపులేనివారికి చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ తెలుగు పేజీని ఇంగ్లిషు గొంతుతో మొదలుపెడుతుంది. ఆ గుర్తు సరిగ్గా ఉండాలన్నది వెబ్ ప్రాప్యత మార్గదర్శకాల్లో 2008 నుంచీ ఉన్న కనీస స్థాయి నియమం.

అనువాదకుల్ని ట్యాగులు కదపనిస్తే ఎవడో స్క్రిప్టు దూర్చి సైటును గుల్ల చేస్తాడని భద్రతావాదులు భయపెడతారు. భయం అబద్ధం కాదు, పరిష్కారమూ కొత్తది కాదు. మొజిల్లా వాడే ఫ్లుయెంట్ అనే అనువాద పద్ధతిలో అనువాదకుడు బోల్డు లాంటి నిరపాయమైన ట్యాగుల్ని తానే పెట్టుకోవచ్చు. లింకును పేరుతో పిలిచి ఎక్కడికైనా జరుపుకోవచ్చు. లింకు చిరునామా మాత్రం మూల పేజీ నుంచే వస్తుంది. అనుమతి లేని ట్యాగు రాస్తే అది ఉత్త పాఠ్యంగా మిగిలిపోతుంది. అనువాద ఫైళ్ల ప్రమాణం ఎక్స్‌లిఫ్ 2.0లో, అంటే 2014 నాటికే, ఫలానా ట్యాగు కదలొచ్చో లేదో చెప్పే గుర్తు ఉంది. ఏమీ చెప్పకపోతే కదలొచ్చనే లెక్క. ప్రమాణం రాసినవాళ్లకే లేని మడి వాడేవాళ్లకు ఎక్కడిది?

ఇక యంత్రానువాదం వచ్చేసింది, ఈ గోలంతా అదే చూసుకుంటుందనేవారున్నారు. నాలుగు ముక్కలుగా నరికిన వాక్యాన్ని విడివిడిగా పంపితే యంత్రం మాత్రం ఏం చేస్తుంది? అదీ నాలుగు ముక్కల్నే అనువదించి ఇస్తుంది, కాకపోతే త్వరగా ఇస్తుంది. చివరికి మిగిలే వాదన వ్యాపారుల వాదన: తెలుగు పేజీ తెరిచినవాళ్లు కూడా కాసేపటికి ఇంగ్లిషుకే మారిపోతున్నారు, ఇంత తంటా ఎవరి కోసం? మారరా మరి. ఆ పేజీ మొత్తమ్మీద తడుముకోకుండా అర్థమయ్యేది భాష మార్చే బటను ఒక్కటే. దాన్ని ముక్కలు చేద్దామన్నా అందులో ఉన్నది ఒక్క మాటే.