ముద్దాయి గోరుచిక్కుడు

చంద్రశేఖరపురంలో ఇప్పుడు గోరుచిక్కుడుకాయ ముద్దాయి. నేరం: కార్బోహైడ్రేట్లు కలిగి ఉండటం. సాక్ష్యం: సెల్‌ఫోనులో వీడియో. ఇల్లాలు పొద్దున్నే కూర్చుని ఈనెలు తీసి, ఉడకేసి, పల్లీల పొడి చల్లి వడ్డించిన కూరని షుగరొచ్చిన పెద్దమనిషి కంచం అంచుకు నెట్టేసి, "దీంట్లో కార్బులుంటాయంట కదే" అంటాడు. కంచం నడిమధ్య అన్నం మాత్రం వెలిగొండంత. ఆయన మానింది అన్నం కాదు, కూర!

మిగతా కూరలదీ ఇదే కేసు. వంకాయనే చూడండి: వంద గ్రాముల్లో పిండిపదార్థం దాదాపు 6 గ్రాములు, అందులో సగం పీచే. వంద గ్రాముల అన్నంలో 28. కూరేమో గరిటెడు, అన్నమేమో మూడు వాయిలు. దొంగెవరో తేల్చడానికి పోలీసులక్కర్లేదు.

2017-18 ప్రాంతంలో పిండిపదార్థాలు మాని కొవ్వు తినమనే వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ రెండు తెలుగు రాష్ట్రాల్నీ ఊపేసింది: రోజుకు కనీసం 70 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, 2 మల్టీవిటమిన్ మాత్రలు. అంతకుముందే మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే వద్దు, పచ్చికూరలు తినండన్నారు. మనవాళ్లు నూనె మానేసిన నోటితోనే కొబ్బరినూనె తాగారు. కూరగాయల్ని మాత్రం ఏ గురువు హయాంలోనూ కడుపునిండా తినలేదు.

ఇక కాలీఫ్లవర్ అన్నం ముచ్చట. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు పండక్కొచ్చి అమ్మచేత పువ్వు తురిమిస్తాడు. తురుమును పిండి, బాణలిలో వేయించి, అన్నమే అనుకుని పులుసు పోసుకోవాలి. అనుకోవడంలో కార్బులుండవు మరి. దొడ్లో పందిరికి వేలాడే సొరకాయలో పిండి ఆ పువ్వులోకంటే ఎక్కువేం లేదు. కాకపోతే సొరకాయకు వీడియోల్లో పలుకుబడి లేదు.

ఉర్లగడ్డ, కంద లాంటి దుంపలు తగ్గించమంటే ఒప్పుకుంటాను. ఆ పేరు చెప్పి బెండ, బీర, దోస, గోంగూరలను కూడా బోనెక్కించడమే అన్యాయం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల తిండికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంది, ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దంది. మన కంచంలో ఈ లెక్క తలకిందులుగా ఉంది.

అయ్యా, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు అన్నం బాగా తగ్గించే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పండి. కూర మాత్రం ఇంకో గరిటె వేయించుకోండి.