పత్రీ, పిచ్చిమొక్కా

మా పెదకాకానిలో ఒకప్పుడు పత్తి పండిన నల్లరేగడిలో ఇప్పుడు కాలనీ లేచింది. అక్కడ ఇల్లు కట్టుకున్న మా బాబాయికి పెరట్లో సీతాకోకచిలుకలు ఎగరాలని ముచ్చట. ముచ్చట మంచిదే. ముందు కూలీని పెట్టి గోడ వార జిల్లేడు, ఉమ్మెత్త, ఉత్తరేణి, వాకుడు వేళ్లతో పీకించాడు. "పిచ్చిమొక్కల్రా, పాములు చేరతాయి" అన్నాడు. తర్వాత కడియం నుంచి మొక్కలు దిగాయి. చాపలా చుట్టిన గడ్డి దిగింది, పేరు మెక్సికన్ గడ్డి. గేటుకి అటొకటి ఇటొకటి కోనోకార్పస్. దాని పుట్టిల్లు సోమాలియా, యెమెన్ వైపు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటొద్దని నిషేధించింది. మా బాబాయికి మాత్రం ఫారిన్ మొక్క.

సీతాకోకచిలుక ఒక్కటీ రాలేదు.

ఎందుకొస్తుంది? నారింజరంగు రెక్కలది జిల్లేడాకు మీద గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆ పాలలోని విషాన్నే ఒంట పట్టించుకుని పిట్టల నోటికి చేదవుతుంది. ఇంకోదానికి నిమ్మో మారేడో కావాలి. మరోదానికి రేగు, వేరొకదానికి గన్నేరాకు. గొంగళిపురుగు మడి మా బామ్మ మడి కంటే గట్టిది, ఆకు మారితే పస్తే.

ఈ పేర్లన్నీ ఎక్కడో విన్నట్టు లేదూ? నిమ్మ తప్ప అన్నీ వినాయకచవితి 21 పత్రిలోవే. చవితినాడు బాబాయి గుంటూరు వెళ్లి, కూలిచ్చి పీకించిన జిల్లేడాకునే డబ్బిచ్చి కొనుక్కొచ్చాడు. పిచ్చిమొక్కకి అర్కపత్రమని సంస్కృతంలో పేరు పెడితే పూజకొస్తుంది. మా ఊరి గుళ్లో మల్లేశ్వరస్వామి మెడలో ఉంటే పువ్వు, మన గోడ పక్కనుంటే దరిద్రం.

అలాగని నేను స్వదేశీ సంఘమేం పెట్టలేదు. మన మిరపకాయే అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. దాన్ని వెళ్లగొడితే గుంటూరుకి మిగిలేదేమిటి? కాకపోతే మిరప మన కంచంలోకొచ్చింది. కోనోకార్పస్ ఇంతవరకూ పచ్చడిక్కూడా పనికిరాలేదు.

పోరగా పోరగా నిమ్మమొక్క ఒకటి నాటాడు. మొన్న కంగారుగా ఫోన్ చేశాడు. ఆకుల మీద పిట్టరెట్టల్లాంటి పురుగులు పాకుతున్నాయట. "మిరపచేలో కొట్టగా మిగిలిన మందేమైనా ఉందేంట్రా?"

"బాబాయ్, నువ్వు ముచ్చటపడ్డ సీతాకోకచిలుకలు అవే" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు.

"అయితే రెక్కలొచ్చాక రమ్మను" అన్నాడు.