మూడూళ్లు పంచుకున్న కేబుల్

నా ఒంటి మీద మీటరు మీటరుకూ ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. పెట్టెలోంచి లాగేవాడు ఎంత వాడాడో, ఎంత మిగిలిందో ఆ అంకె చూసి చెప్పేస్తాడు. పుట్టినప్పుడు నా పొడవు 305 మీటర్లు, అంటే వెయ్యి అడుగులు. పేరు క్యాట్ ఫైవ్ ఈ. పైన బూడిదరంగు తొడుగు, లోపల ఎనిమిది రాగి తీగలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల్లో నాలుగు, వాటికి జోడుగా తెల్లటి తీగలు నాలుగు.

జగిత్యాలలో ఒక కంప్యూటర్ల దుకాణంలో నా పక్కనే నాకంటే బాగా చవకైన పెట్టె ఒకటి ఉండేది. దాని తీగ అల్యూమినియం, పైన మాత్రం రాగి పూత. చూడ్డానికి ఇద్దరం ఒకటే. నన్ను కొన్న కుర్రాడు చాకుతో నా కొస గీకి చూశాడు. తెల్లగా తేలితే అల్యూమినియం. నాది ఎర్రగానే ఉంది. ఆ గీకుడే ఏడేళ్ల తర్వాత నన్ను నిలబెట్టింది.

అది 2018. అంతకుముందు ఏడాది జూలైలో జీఎస్టీ, ఆ ఏడాది ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు. చిట్టా పుస్తకాలతో నెట్టుకొచ్చిన వ్యాపారాలన్నిటికీ ఒక్కసారిగా ఇంటర్నెట్ కావాల్సి వచ్చింది. ఆ హడావుడిలో నన్ను మూడు ముక్కలు చేశారు. పెద్ద ముక్క జగిత్యాలలోనే ఒక విత్తనాల వ్యాపారికి, చిన్న ముక్క కోరుట్లలో గల్ఫ్ టికెట్ల ఆఫీసుకు, మిగిలిన నేను సిరిసిల్ల బీవై నగర్‌లో ఒక మరమగ్గాల యజమానికి. కొసలకు కనెక్టర్లు కొడితే చాలు, మాలో ఏ ముక్కకు ఆ ముక్క బతికేస్తుంది. మూడు చోట్లా పని చేసింది నన్ను కొన్న ఆ కుర్రాడొక్కడే. వాడు ఫోన్లో మాట్లాడేదాన్ని బట్టి మిగతా రెండింటి మంచిచెడ్డలు నాకు తెలుస్తుంటాయి.

నేను చేరిన చోట ముందు ఆఫీసు గది, దాని వెనక గోదాము, ఇంకా వెనక రేకుల షెడ్డు, షెడ్డు నిండా సాంచాలు. ఈ ఊళ్లో మరమగ్గాన్ని సాంచా అనే అంటారు. చాలా సాంచాలు భివండిలో ఒక బతుకు బతికి వచ్చినవే. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు మొదలయ్యాక షెడ్డులో రాత్రీ పగలూ తేడా లేకుండా పోయింది. ఆ చప్పుడులో మనుషులు సైగలతో మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. నాకు చప్పుడుతో బాధ లేదు గానీ నూలు పొట్టు, సాంచా నూనె కలిసి కేసింగ్ పట్టీ మీద జిడ్డుగా పేరుకునేవి.

నా కొసకు కనెక్టరు కొడుతున్నప్పుడు యజమాని తండ్రి పక్కన కూర్చుని చూశాడు. చేతిమగ్గం మీద మొదలుపెట్టి సాంచా దాకా వచ్చిన మనిషి. కుర్రాడు తొడుగు కోసి, పని సులువవుతుందని జంటల పురి చాలా పొడవునా విప్పేశాడు.

"ఏం పిల్లగా, అంత పొడుగు పురి ఇప్పుతున్నవ్? పురి పోయినంక పోగు నిలుస్తదా?"

కుర్రాడు నవ్వాడు గానీ ముసలాయన అన్నది అక్షరాలా నిజం. ప్రతి జంటలో రెండు తీగల సంకేతాలు ఒకదానికొకటి తలకిందులుగా ఉంటాయి. పురి ఉంటే బయటి గోల రెండింటికీ సమానంగా తగులుతుంది, అవతలి కొసన అది కొట్టుకుపోతుంది. నా నాలుగు జంటలకు నాలుగు రకాల పురి పెట్టింది కూడా ఒకరి మాట ఒకరికి చొరబడకుండా ఉండాలనే. కొస దగ్గర పురి విప్పేది 13 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం దాటకూడదు. కుర్రాడు విప్పినదంతా కత్తిరించేసి మళ్లీ కొట్టాడు. నా ఉద్దేశంలో ఆ ఇంట్లో నా పనితనం అందరికంటే ముందు పట్టుకున్నవాడు ఆ తాతే.

తర్వాత ఏళ్ల తరబడి నాలో సగం ఒళ్లు ఖాళీగానే కూర్చుంది. గోదాము గోడకున్న నెట్‌వర్కు స్విచ్చు 100 మెగాబిట్లది. దానికి రెండు జంటలు చాలు, నారింజ, ఆకుపచ్చ. నీలం, గోధుమ జంటల వంక ఎవరూ చూడలేదు.

2025లో యజమాని కూతురు వైఫై 6 డబ్బా కొనుక్కొచ్చింది. డబ్బా మీద 1800 అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ అంకెకు మురిసిపోకూడదు. 5 గిగాహెర్ట్జ్ వైపు 1201, 2.4 వైపు 574, రెండూ కలిపి, పైకి సవరించి వేసిన లెక్క అది. ఏ ఒక్క ఫోనుకూ అంత రాదు. కానీ ఈ ఇంట్లో అసలు చిక్కు అది కూడా కాదు. బ్రాడ్‌బ్యాండ్ ప్లాను 300 మెగాబిట్లది, ఫోన్లో స్పీడు చూస్తే 94 దగ్గర గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోతోంది.

"గిన్ని పైసలు పెట్టి తెస్తే గిదేంది తమ్మీ? పాత దానికంటె ఏం ఎక్కువున్నది?" అన్నాడు యజమాని.

"94 కాడ ఆగింది కదా కాకా. డబ్బా మంచిదే. ఎనుక ఉన్న స్విచ్చు దగ్గర గొంతు పట్టుకుంది."

నెట్‌వర్కు పని తెలిసినవాడికి 94 అనే అంకె వింటే చాలు. 100 మెగాబిట్ల లంకెలో ప్యాకెట్ల పైఖర్చులు పోను చేతికి మిగిలేది అంతే. కొత్త డబ్బా గాలిలో ఎంత పరుగెత్తినా తను తెచ్చిందంతా నా చేతిలోనే పెట్టాలి, నేను స్విచ్చుకు ఇవ్వాలి. చాలామంది మెరిసే డబ్బా ముందు కొని, గోడలో ఏముందో ఆ తర్వాత వెతుకుతారు. నన్నడిగితే స్విచ్చు వెనకున్న పాత అక్షరాలు చదవడానికి అయిదు నిమిషాలు పెట్టినవాడే తెలివైన కొనుగోలుదారు.

గిగాబిట్ స్విచ్చు వచ్చింది. మధ్యాహ్నం సాంచాలు ఆపినప్పుడు కుర్రాడు నా రెండు కొసలకూ టెస్టరు పెట్టాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. అప్పటిదాకా పనిలేని నీలం, గోధుమ జంటలు ఆ పూట డ్యూటీకి ఎక్కాయి. గిగాబిట్‌కు నాలుగు జంటలూ కావాలి. ఆ ప్రమాణం 1999 నాటిదే, మా గోదాముకు చేరడానికే ఇంతకాలం పట్టింది.

కొత్త స్విచ్చు నాలోంచే కరెంటు కూడా పంపుతుంది. 2003 ప్రమాణంలో 15.4 వాట్లు, 2009 దానిలో 30 వాట్లు. దానివల్ల వైఫై డబ్బా పక్కన ప్లగ్గు వెతుక్కునే పని తప్పింది, ఒక్క స్విచ్చును యూపీఎస్ మీద పెడితే అన్నీ నిలుస్తాయి. చాకుతో గీకిన సంగతి ఇక్కడ అక్కరకొచ్చింది. అల్యూమినియం తీగకు నిరోధం ఎక్కువ. కరెంటు మోయిస్తే వేడెక్కుతుంది, వోల్టేజి దారిలోనే పడిపోతుంది. దుకాణంలో నా పక్కన కూర్చున్న ఆ పెట్టె ఎవరింటికి చేరిందో, అక్కడి కెమెరాలు రాత్రిళ్లు ఎందుకు ఆరిపోతున్నాయో తలగోక్కుంటూ ఉంటారు.

డబ్బాను ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ. యజమాని ఆఫీసులో తన తల మీదే ఉండాలన్నాడు. కూతురు ఫోను పట్టుకుని షెడ్డంతా తిరిగింది. రేకులు, ఇనుప సాంచాలు 5 గిగాహెర్ట్జ్ అలను తిప్పికొడతాయి. మూడో వరస దాటేసరికి సిగ్నలు చచ్చింది. అసలు అవసరం ఆఫీసులో కాదు, షెడ్డు గుమ్మంలో ఉన్న మడతబల్ల దగ్గర. ఎవరు ఎన్ని మీటర్లు నేశారో అక్కడే ట్యాబులో ఎక్కిస్తారు. డబ్బా అక్కడికే పోయింది. కార్మికుల ఫోన్లకు వేరే పేరుతో వేరే నెట్‌వర్కు ఇచ్చారు. అన్నం వేళ వీడియోలు చూసుకోవచ్చు, లెక్కల కంప్యూటరు జోలికి మాత్రం పోలేరు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోదగ్గవి 1, 6, 11 మూడే చానళ్లు, పక్కిళ్ల రూటర్లన్నీ వాటి మీదే ఉన్నాయి. 5 గిగాహెర్ట్జ్‌లో మన దేశం 2018లో ఇంకా చోటు విప్పింది కాబట్టి ట్యాబులను అటు మళ్లించారు. ఒక పాత బిల్లింగ్ యంత్రం మాత్రం 1999 నాటి 11 మెగాబిట్ల పద్ధతిలోనే మాట్లాడుతోంది. అది నత్తనడక నడిచినంతసేపూ అదే చానల్లో మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. దానికి వైరు గుచ్చి కూర్చోబెట్టారు.

కోరుట్ల ముక్క కథ వేరే. బీడీలు చుట్టే చేతులూ, దుబాయికి, మస్కట్‌కు పోయే మగవాళ్లూ ఉన్న ఊరు. ఆ ఆఫీసులో టికెట్లకు వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ మీదే వీడియో కాల్‌లో అవతలి దేశం మాట్లాడుతుంటుంది. అక్కడా కొత్త డబ్బా పెట్టారు, స్విచ్చూ మార్చారు, అయినా 94. కుర్రాడు టెస్టరు పెడితే నాలుగు లైట్లే వెలిగాయి. ఎప్పుడో ఎవరో పొదుపరి ఒక్క కేబుల్లోంచే రెండు కనెక్షన్లు తీశాడు, రెండు జంటలు కంప్యూటరుకు, రెండు ప్రింటరుకు. వంద మెగాబిట్ల రోజుల్లో అది భేషైన ఉపాయం, ఎవరూ తప్పుపట్టలేరు. ఇప్పుడు మాత్రం ప్రింటరుకు వేరే కేబుల్ లాగి, ఆ ముక్కలోని నాలుగు జంటలూ ఒక్కదానికే ఇవ్వాల్సి వచ్చింది.

జగిత్యాల ముక్క గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. దుకాణం నుంచి గోదాముకు దాన్ని ఆరుబయట లాగారు, అదీ 100 మీటర్ల హద్దు దాటి. ఉరుముల రోజున రెండు కొసలా పరికరాలు మాడాయి. ఇప్పుడక్కడ ఫైబరు పడింది. గాజు పిడుగు కరెంటును మోయదు.

నేను ఇంకెంత లాగగలను అని సిరిసిల్లలో అడిగారు. 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణం నాలాంటి పాతవాళ్లను దృష్టిలో పెట్టుకునే రాశారు. మంచి రాగి, మంచి కొసలు ఉంటే క్యాట్ ఫైవ్ ఈ మీదే 100 మీటర్ల దాకా 2.5 గిగాబిట్లు పోతాయి. గోడలు పగలగొట్టక్కర్లేదు. కానీ ఈ షెడ్డుకు ఇవాళ అంత అక్కర్లేదనే నేనంటాను. రెండు ఆంటెనాల డబ్బా 80 మెగాహెర్ట్జ్ వెడల్పు చానల్లో నిజంగా ఇచ్చేది గిగాబిట్ లోపే.

కూతురికి వైఫై 7 మీద మనసు. 2024 జనవరిలో దానికి ధ్రువీకరణ మొదలైంది. దాని గొప్పలో పెద్ద వాటా 6 గిగాహెర్ట్జ్‌లో 320 మెగాహెర్ట్జ్ వెడల్పు చానళ్లది. మన దేశంలో 2025 మేలో వచ్చిన ముసాయిదా 5925 నుంచి 6425 దాకా 500 మెగాహెర్ట్జ్ విప్పుదామంది. అందులో 320 వెడల్పువి రెండు పట్టవు, ఒక్కటే.

"ఇద్దరం పక్కపక్కన పెట్టుకుంటె ఇద్దరికీ అదే చానలా?" అందామె.

"అదే అక్కా. మీ ఫోన్లు కూడ మార్చాలె."

"ముందు రెండో షెడ్డుకు గీ కేబులే ఏయ్ తమ్మీ," అన్నాడు యజమాని, మహిళా సంఘాల చీరల ఆర్డరు కాగితం ట్యాబు కింద పెడుతూ. "ఆ బట్ట లెక్క ఇంకా నోటుబుక్కులనే రాస్తున్నరు."