గిన్నెను చూడకుండా నన్ను తూచకండి

నేను స్పిరిట్ పొయ్యిని. రెండు ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాల అడుగుభాగాలు కోసి, ఒకదానిలోకి మరొకటి దిగ్గొట్టి, పై అంచు చుట్టూ సూదితో రంధ్రాలు పొడిస్తే నా పుట్టుక పూర్తయినట్టే. పంపు లేదు, మీట లేదు, విరిగిపోయే భాగమంటూ లేదు. నాలుగు చెంచాల స్పిరిట్ పోసి అగ్గిపుల్ల చూపిస్తే ముందు నడిమి గుంటలో మంట లేస్తుంది. గోడలు వేడెక్కాక లోపలి స్పిరిట్ ఆవిరై, రంధ్రాల్లోంచి సన్నని నీలి రేకులుగా బయటికొస్తుంది. గుప్పిట్లో ఇమిడిపోయేంత తేలిక కాబట్టి గుట్టలెక్కేవాళ్లు నన్ను సంచిలో వేసుకుంటారు. వనపర్తి జిల్లా ఖిల్లా ఘణపూర్ కోట నాకు తగిన చోటు. కాకతీయ గణపతిదేవుడి పేరు మోస్తున్న 13వ శతాబ్దపు కోట అది. రెండు గుట్టలను కలుపుతూ గోడ, కింద గణపసముద్రం చెరువు. పైకెక్కేవాడు పొద్దున చాయ్ కాచుకోవాలంటే పొయ్యితో పాటు ఇంధనం కూడా వీపున మోయాలి. అందుకే ‘ఇది స్పిరిట్ తెగ తాగుతుంది’ అన్న మాట నాకు చిన్న నింద కాదు. దానికి జవాబు చెప్పుకోవడమే నా కథ.

ముందు లెక్క చూడండి. అర లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 157 కిలోజౌళ్ల వేడి కావాలి. స్వచ్ఛమైన ఇథనాల్ ఒక మిల్లీలీటరు కాలితే దాదాపు 21 కిలోజౌళ్లు వస్తాయి. అంటే రవ్వంత వేడి కూడా వృథా కాకపోతే ఏడున్నర మిల్లీలీటర్లు చాలు. 15 మిల్లీలీటర్లు ఖర్చయితే సగం వేడి నీళ్లకు, సగం గాలికి పోయినట్టు. 22 ఖర్చయితే నీళ్లకు దక్కింది మూడో వంతే. దుకాణంలో దొరికే స్పిరిట్‌లో నీళ్ల పాలు ఉంటే ఖర్చు ఇంకాస్త పెరుగుతుంది. నాలో పోసిన చుక్కలన్నీ నేను మంటగానే మారుస్తాను. ఆ మంటలో ఎంత నీళ్లలోకి చేరిందన్నది మాత్రం నా మీద కూర్చున్న గిన్నె తేల్చే విషయం.

గిన్నె ఎలా తేలుస్తుంది? పది సెంటీమీటర్ల వెడల్పున్న లోటాలో అర లీటరు పోస్తే నీళ్లు ఆరు సెంటీమీటర్లు దాటి నిలుస్తాయి. అడుగు వైశాల్యం 78 చదరపు సెంటీమీటర్లు. అదే నీళ్లను 15 సెంటీమీటర్ల సత్తు బగోనలో పోస్తే లోతు మూడు సెంటీమీటర్లకు లోపే, అడుగు మాత్రం 177 చదరపు సెంటీమీటర్లు. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే మంటకు అందే చోటు రెండుంబావు రెట్లయింది. నా మంట అడుగుకు తగిలి చుట్టూ పరుచుకుంటుంది. బగోన కింద అది చాలా దూరం నీళ్లున్న లోహాన్ని ఒరుసుకుంటూ, వేడి అప్పజెబుతూ పోతుంది. లోటా కింద రెండడుగులు వేయకముందే అంచు దాటి పక్కల వెంబడి పైకి ఎగబాకుతుంది. దీన్ని కనిపెట్టడానికి పరికరాలు అక్కర్లేదు. నీళ్లింకా గోరువెచ్చగా ఉండగానే పిడి పట్టుకోలేనంత కాలిందంటే, మీరు మోసుకొచ్చిన స్పిరిట్ పిడిని వేడిచేస్తోందని అర్థం.

ఇది నా ఒక్కదాని వాదన కాదు. మన ఇళ్లలోని గ్యాస్ పొయ్యిలకు భారత ప్రమాణం ఐఎస్ 4246 ఉంది. అది కనీసం 68 శాతం ఉష్ణ సామర్థ్యం అడుగుతుంది. ఆ పరీక్షలో ఏ గిన్నె పడితే ఆ గిన్నె పెట్టరు, బర్నర్ ఎంత గ్యాస్ కాలుస్తుందో దాన్నిబట్టి గిన్నె వెడల్పు, నీళ్ల పరిమాణం నిర్ణయిస్తారు. స్వీడన్‌లో 1951లో వచ్చిన ట్రాంజియా స్పిరిట్ పొయ్యి నా జాతిలో పెద్దది. దాన్ని గాలి అడ్డుతో, గిన్నెలతో కలిపి ఒకే సెట్టుగా అమ్మారు. పొయ్యి, గిన్నె కలిస్తేనే ఒక యంత్రం అని ప్రమాణం రాసినవాళ్లూ, ట్రాంజియావాళ్లూ ఒప్పుకున్నట్టే కదా.

వెడల్పు గిన్నెలో నీళ్ల పైభాగం ఎక్కువ, వేడి అక్కడినుంచి పోదా అని అడుగుతారు. పోతుంది. అందుకే మూత తప్పనిసరి. మూత పడ్డాక ఆ నష్టం చాలావరకు ఆగుతుంది, అడుగున వచ్చిన లాభం మిగులుతుంది. అలాగని పళ్లెమంత వెడల్పు పెట్టమనడం లేదు. మంట అందని అంచు వేడిని తీసుకోదు, వదులుకుంటుంది. మంట పరుచుకుని అడుగు లోపలే ఆగి, చుట్టూ రెండు వేళ్ల చోటు మిగిలితే అదీ కొలత. అసలు దొంగ గాలే అనేవాళ్లూ ఉన్నారు. రెండు గుట్టల నడుమ వీచే గాలిని చూస్తే ఆ మాట కాదనలేను. కానీ రేకు అడ్డు గాలిని ఆపుతుందే గానీ గిన్నె అడుగును పెంచదు. రెండూ కావాలి.

ఆరేడు మిల్లీలీటర్ల కోసం ఇంత వాదనా అన్నది ఆఖరి అభ్యంతరం. డబ్బు లెక్కలో అది నిజంగా చిన్నదే. కానీ ఇరుకు గిన్నెలో నీళ్లు మరగకముందే నేను ఆరిపోతే, చేయి సీసా వైపు పోతుంది. నా మంట పట్టపగలు ఎండలో కంటికి కనబడదు. ఆరిందనుకుని పోసిన స్పిరిట్ సీసా దాకా అంటుకోవచ్చు, బండల నడుమ ఎండుగడ్డికీ పాకవచ్చు. అందుకే పూర్తిగా చల్లారే వరకు నాలో మళ్లీ పోయకూడదు. ఒక్క పోతతో పని పూర్తిచేసే గిన్నె ఆ తొందరను మొదట్లోనే తీసేస్తుంది. ఇక నేను పనికిరానని పక్కనపెడితే కోట మీది పొదల్లో పుల్లలు విరుస్తారు, ఆ రాళ్లకు మసి అంటుతుంది. పొదుపు అంటే నాకు ఇదంతా.

కాబట్టి ఎక్కేముందు ఇంట్లోనే తేల్చుకోండి. గాలిలేని చోట, కిటికీ తెరిచిన గదిలో, అన్నే చల్లటి నీళ్లు, అదే మూత పద్ధతి, సిరంజితో కొలిచిన అదే స్పిరిట్. ఒకసారి లోటా, నేను చల్లారాక ఒకసారి బగోన. ఏది మరిగిందో, ఏది మరగకముందే నేను ఆరిపోయానో రాసుకోండి. తర్వాత మరిగించిన గిన్నెలోనే నన్ను పెట్టి మూత వేసి సంచిలో సర్దండి. మేమిద్దరం ఒక్కటే అని మీ సంచికి కూడా తెలుస్తుంది.