అమాత్యసంపత్తి గల గుమాస్తా కావలెను

ఖాతాలు వ్రాయుటకు ఒక యువకుడు కావలెనని హైదరాబాదులోని ఒకానొక వ్యాపారసంస్థవారు ఆంగ్లమున వేయించిన ప్రకటనను, కాఫీ చల్లారిపోవుచున్నను లెక్కచేయక, రెండుమార్లు చదివి తెనిగించుకొంటిని. అభ్యర్థి ఒకరు చెప్పకయే పనికి పూనుకొనువాడును, నాయకత్వలక్షణములు గలవాడును, అయినను పదుగురిలో ఒదిగి యుండువాడును, ఎంతటి ఒత్తిడినైనను చిరునవ్వుతో సహించువాడును, వాక్చతురుడును, ప్రొద్దు గ్రుంకినను ఇల్లు జ్ఞప్తికి రానివాడును కావలెనట. కూడికలు, తీసివేతలు వచ్చి యుండవలెనన్న మాట మాత్రము ఎచ్చటను లేదు. జీతము అర్హతలనుబట్టి.

ఈ అత్యాశను ఖండించుటకు శాస్త్రప్రమాణము కావలసి, 1909లో మైసూరున శామశాస్త్రిగారు వెలువరించిన కౌటిల్యుని అర్థశాస్త్రమును దుమ్ము దులిపి తెరచితిని. ప్రజ్ఞ, ధారణ, దక్షత, వాగ్ధాటి, ఉత్సాహము, క్లేశసహనము, శుచిత్వము, దృఢభక్తి, ఆరోగ్యము మున్నగు గుణములను అమాత్యునకు విధించి, వీనిలో పాతిక లోపించినవాడు మధ్యముడనియు, సగము లోపించినవాడు అధముడనియు మెట్లు కట్టి, మంత్రికి 48,000 పణముల వేతనము నిర్ణయించెను ఆ మహానుభావుడు. గుణమునకు తగిన వెల! ఇక ఆ సంస్థవారి పని పట్టవచ్చునని ఉత్సాహముతో పుటలు త్రిప్పుచుండగా, రాజశాసనములు వ్రాయు లేఖకునకును ఆ అమాత్యసంపత్తియే ఉండవలెనని రెండవ అధికరణమున కానవచ్చినది. లేఖకాదులకు అయిదవ అధికరణమున నిర్ణయించిన వేతనమో, 500 పణములు. నేను తెచ్చుకొన్న ప్రమాణము నన్నే కరచినది. మంత్రి గుణములను గుమాస్తా జీతమునకు బేరమాడుట నిన్నమొన్నటి విద్య కాదు.

అయినను, ఆ లేఖకుడు చురుకుగా కూర్పగలవాడును, చక్కని దస్తూరి గలవాడును, వ్రాత చదువగలవాడును కావలెనని కూడ చెప్పి, చాణక్యుడు పని పేరైనను ఎత్తెను.

మా వీధి కుర్రవాడొకడు, బి.కామ్. పట్టా చేతబట్టుకొని, ఆ ప్రకటనలోని గుణములను సంపాదించుకొనుటకు అమీర్‌పేటలో ఒక శిక్షణాలయమున చేరెను. ‘నీలోని లోపమేమి?’ అని ఇంటర్వ్యూలో అడిగినచో, ‘పని ముగియువరకు నాకు అన్నము సయింపదండీ’ అని ఒకింత సిగ్గుపడుచు చెప్పవలెనని వానికి నేర్పిరి. సిగ్గు సరిగా కుదురుటలేదని రెండవ వారము కూడ దానినే వల్లె వేయించిరి. అభ్యర్థి నిజాయితీని పరీక్షించు ప్రశ్న అదియేనట.

ఇన్ని గుణములు విధించిన చాణక్యుడే, ఉద్యోగులు రాజధనమును అపహరించు ఉపాయములు 40 అని పేరుపేరున ఏకరువు పెట్టెను; అనగా తన జాబితాను తానే నమ్మలేదు. మన సంస్థవారును తక్కువవారు కారు. కుర్రవాడు ఇంటర్వ్యూకు పోయి చూచి వచ్చి చెప్పినదానినిబట్టి, ఒకరు చెప్పకయే పనికి పూనుకొనబోవు ఆ నమ్మకస్తుని బల్లకు సరిగా నెత్తిమీద ఒక సీసీ కెమెరా, వాకిట వేలిముద్ర యంత్రము, దాని ప్రక్కన గోడకు, పది నిమిషములు ఆలస్యమైనచో సగము దినము జీతము కోత యని అంటించిన కాగితము.